రంగత్త గట్టి కుట్టు

నిన్న పొద్దున ఉడుమలైపేట సంతలో దూది బండి దగ్గర నిలబడి ఉన్నాను. మన వీధి చాకలి పళని ఎదురొచ్చి, "చిన్నయ్యా, మీ అత్త పోయినాది. ఇంటికి పోండి" అన్నాడు.

సరే అన్నాను.

సరే అని మళ్ళీ దూది బేరం అడిగాను. పళని నా చెయ్యి పట్టుకుని లాగేదాకా నాకు తెలియలేదు, ఏం విన్నానో.

కలెక్టరు నోటీసులు అంటించే ఈ చావడి గోడ మీదే ఈ కాగితం అంటిస్తున్నాను. మన అత్త గురించి కూడా ఒక నోటీసు ఉండాలి. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి చెప్పండి.

రంగత్త మా నాన్నకు చెల్లెలు. మొగుడు పోయాక మా ఇంటికే వచ్చేసింది. నన్ను పెంచింది ఎక్కువ ఆమే.

అత్త చేతి పని మీ అందరికీ తెలుసు. బొంతకు వేసే గలీబు. మనం ఉర అంటాం.

మగ్గం మీది గుడ్డలు రెండు. ఒకటి పైకి, ఒకటి కిందికి. మూడు వైపులా కుట్టు, కాళ్ళ వైపు నాడాలు. ఉరను తిరగేసి, రెండు చేతులూ లోపలికి దూర్చి, బొంత మూలలు పట్టుకుని ఒక్క దులుపు దులిపితే బొంత లోపల సర్దుకునేది. నేను దులిపితే మధ్యలో ముద్ద కట్టేది.

అత్త ఎప్పుడూ దూరం దూరంగా, వదులుగా కుట్టేది. చివర ముడి వేసేది కాదు. పళని వచ్చే రోజున దారం కొస పట్టుకుని లాగితే ఉర మళ్ళీ రెండు గుడ్డలయ్యేది. కుట్టుతో సహా బండ మీద బాదితే గుడ్డ చినుగుతుందని. ఉతికి వచ్చాక మళ్ళీ మొదటినుంచి కుట్టేది.

నాకు ఒళ్ళు మండేది. మదరాసు నుంచి వచ్చే కరపత్రాలు ఆమె పక్కన కూర్చుని గట్టిగా చదివేవాణ్ణి. ఆడవాళ్ళ శ్రమ గురించి. మూఢాచారాల గురించి. కంపెనీ వాళ్ళ సీమ గుడ్డ గురించి.

"అత్తా, ఒక్కసారి గట్టిగా కుట్టేస్తే పోదా? నీ బతుకంతా ఈ కుట్టుకే సరిపోయింది."

"వదులు కుట్టు ఉతికేదానికి కన్నూ. గట్టి కుట్టు ఇచ్చేదానికి."

నిజమే. పెళ్ళికూతుళ్ళకు, బాలింతలకు ఇచ్చేవి మాత్రం గట్టిగా కుట్టి ముడి వేసేది. ఇంట్లోవాటికి ఎప్పుడూ వదులే.

"చదువు చదువు, నిలిపేస్తివే. నువ్వు అరస్తా ఉంటే నాకు నిద్దర రాదు, కుట్టు సాగతాది" అనేది, నేను చదవడం ఆపితే.

పోయిన నెల కొత్త రోడ్డు పని కూలీలు మన వీధిలో దిగారు కదా. ఒకాయన గోనెపట్ట కప్పుకుని వణుకుతున్నాడు. నేను నా కంబళి, నా బొంత రెండూ ఇచ్చేశాను. ఇంట్లో గొడవ. ఇంకో బొంత ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. పాలకాడు కనుమ గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. అరుగు మీద పంచె కప్పుకుని పడుకున్నాను. దగ్గు పట్టింది.

అందరూ తిట్టారు. అత్త తిట్టలేదు. "చలి ఆ మనిషికి పోయినాదా?" అని మాత్రం అడిగింది.

నిన్న ఇంటికి వెళ్ళేసరికి అత్త మీద తన బొంతే ఉంది, ఉరతో.

మన ఆచారం మీకు తెలిసిందే. చివరగా కప్పుకున్న గుడ్డ మనిషితోనే పోవాలి. కానీ కుట్టిన గుడ్డ శవం మీద ఉండకూడదు. పెదనాన్న అన్నాడు: "బొంత తీసి పక్కన పెట్టండి. ఉర దారం లాగి, పై గుడ్డ కప్పండి."

నేను అడ్డం నిలబడ్డాను. కుట్టుతోనే పంపాలన్నాను. ఆమె చేసిన పని అది. దాన్ని విప్పి, ఏమీ చేయనిదానిలా ఎందుకు పంపాలి?

"యముడు కుట్లు చూసి వెనక్కి పంపుతాడా పెద్దనాయనా?"

"యముడు చూడడురా. ఊరు చూస్తాది."

ఇంకా చాలా అన్నాను. కరపత్రాల్లో ఉన్నదంతా అన్నాను. పాడె మోసేవాళ్ళు వాకిట్లో నిలబడే ఉన్నారు.

ఈలోగా అమ్మ దారం కొస కోసం వెతుకుతూ ఉంది. దొరకలేదు. వేలితో అంచు తడుముకుంటూ పోయి మూల దగ్గర ఆగింది.

"ముడి వేసిండాది" అంది.

వెనక్కి వచ్చి ముందుకు పోయే గట్టి కుట్టు. మూడు వైపులా. తనకు జ్వరం మొదలయ్యాక కుట్టిందట. కుట్టడం అమ్మ చూసిందట, గట్టి కుట్టని గమనించలేదట. కాళ్ళ వైపు జానెడు గుడ్డ అతుకు, తన పాత చీరది.

అత్త పొట్టి మనిషి. ఆమెకు ఆ అతుకు అక్కర్లేదు.

బొంత చాలక కాళ్ళు బయటికి వచ్చేది నాకు.

అమ్మ నా వైపు చూసి, "ఇది విప్పేదానికి కుట్టింది కాదురా. ఆమెతో పోయేదానికీ కాదు" అంది.

పెదనాన్న బొంతను ఉరతో సహా తీసి నా చేతుల్లో పెట్టాడు. భుజం మీది కండువా తీసి చెల్లెలికి కప్పాడు. నేను పక్కకు జరిగాను.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అడిగినవాళ్ళకు ఇదే జవాబు.

ఉర నా దగ్గర ఉంది. ఒట్టు తీసి గట్టున పెట్టాను. కాటి నుంచి ఇంటికి వచ్చి, మూలలు పట్టుకుని బొంతను దులిపాను. మధ్యలో ముద్ద కట్టింది. అలాగే కప్పుకున్నాను. కాళ్ళు లోపలే ఉన్నాయి.

పోయిరా రంగత్తా. నువ్వున్న చోట గాలి మెల్లగా వీచనీ, నీ చేతులకు ఇక పని లేకుండా ఉండనీ.