అత్త దగ్గరున్న ఒర

మా అత్త చేతిసంచులు, సూట్‌కేసులు బాగుచేస్తుంది. జిప్పులు, తోలు ముక్కలు, జిగురు డబ్బాల మధ్య ఆమె ఒక్కతే పట్టేంత కొట్టు. ఎవరైనా గీచి గీచి బేరమాడితే "కొత్తది కొనుక్కో నాయనా" అని సంచి తిరిగి చేతిలో పెట్టేస్తుంది. మనసు మంచిదే. పగపడితే మాత్రం పామే నయం.

ఆ పగ తన తమ్ముడి మీద, అంటే మా నాన్న మీద.

తాతయ్య యుద్ధనౌకలో వంటవాడు. పిల్లల్లేని ఒక అధికారి ఉద్యోగం మానేసి వెళ్తూ, తన ముత్తాత నాటి బాకును ఆయనకిచ్చాడు. దంతపు పిడి, దానికి చుట్టిన బంగారు పూత తీగ, ఉక్కు అలుగు మీద లంగరు బొమ్మ. పెద్ద కత్తి తిప్పే చోటులేని ఓడల్లో పోట్లాడటానికి పుట్టిన ఆయుధం అది. తర్వాత అధికారుల నడుముకు అలంకారమైంది. ఇప్పుడు డబ్బున్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చి కొంటున్నారు. "బాకునీ ఒరనీ విడదీయకండి" అనేవాడు తాతయ్య. వారం వారం దానికి నూనె రాసింది అత్తే.

తాతయ్య పోగానే నాన్న బాకు పట్టుకెళ్లాడు. పట్టీ కుట్టడం కోసం ఒర అప్పటికే అత్త కొట్లో ఉంది. "ఆడదానివి, నీకు బాకెందుకు? కూరగాయల చాకు చాలదూ?" అన్నాడట. అదైనా ఆమె మింగేది. కానీ నాన్న దాన్ని ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టి, వచ్చినవాళ్లందరికీ "మా నాన్నగారు నౌకాదళంలో పెద్ద ఆఫీసరు" అని చెప్పసాగాడు. అది విన్న రోజు నుంచి అత్త మాటలు మానేసింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మా ఇంట్లో ఉన్న ఒక్క కత్తికే ఒర లేకుండా పోయింది.

చివరికి పాత ఆయుధాలు సేకరించే ఒకాయన వచ్చి, "అసలు ఒర ఉంటేనే కొంటాను" అన్నాడు. నాన్న మెడ వంచి, నన్ను తోడు తీసుకుని అత్త కొట్టుకు వెళ్లాడు.

"అక్కా, ఆ ఒర ఇచ్చెయ్యవే."

"రేపు బాకు తీసుకురా. సరిపోతుందో లేదో చూడాలిగా."

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకు అనుమానమొచ్చింది. నాన్నకు రాలేదు, ఆశ అలాంటిది.

మర్నాడు ఒర కొత్త పట్టీతో సిద్ధంగా ఉంది. "నీ చేత్తోనే పెట్టు. గట్టిగా తొయ్యి. లోపల ఇప్పుడే పూత వేశాను, రేపటిదాకా తియ్యకు" అంది. నాన్న తోశాడు.

"ఎంతైనా రక్తసంబంధం" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. అత్త జిగురు డబ్బా మూత బిగించింది.

తర్వాతి రోజు కొనే ఆయన పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. నాన్న లాగాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగారు. "అలుగు చూడకుండా ఎలా కొనను? ఒర కోస్తే విలువే పోతుంది" అని ఆయన వెళ్లిపోయాడు. నాకు నవ్వాగలేదు, ఆపుకోనూ లేదు.

నాన్న కొట్టు మీదికి ఉరికాడు. "ఏం చేశావే రాక్షసీ!"

"మన నాన్నేమన్నాడు? విడదీయొద్దన్నాడు. ఇక విడిపోవు" అంది అత్త, సూదిలో దారం ఎక్కిస్తూ. "ఆ జిగురెలా కరుగుతుందో నాకు తెలుసు. నీ ముందుగదిలో పదిమందిని కూర్చోబెట్టి, మా నాన్న ఓడలో వంటవాడని చెప్పు. ఆ రోజే ఊడదీసిస్తా."

నాన్న వెనుదిరిగి ఇంటికొచ్చేశాడు. బాకు ఇప్పటికీ బీరువాలోనే ఉంది. ఎవరైనా తీసి చూపించమంటే, గాలి తగిలితే పాడవుతుందంటాడు.

"పోనీ, నేను చెప్పేస్తానత్తా" అన్నానొకసారి.

"నువ్వు చెబితే కరగదే" అంది.