చూసినవాళ్ళ మాట

మా మామిడి కొట్లో పేపరు చదివి వినిపించిన పంతులు గారు పోయిన వారం కన్నుమూశారు. దహనానికి నేనూ వెళ్ళాను. ఆ తరవాత బెజవాడ బస్సులో వచ్చిన రెండు పేపర్లూ ఆ వార్త వేశాయి. ఒకటి ఆయన్ను ‘తొలినాటి నుంచీ మా పత్రిక అభిమాని’ అంది. రెండోది ‘శ్రామికుల పక్షాన నిలిచిన మా మిత్రుడు’ అంది. బతికుండగా ఆయన రాసిపంపిన ఒక్క మాటా అచ్చు వేయని పేపర్లు, పోయాక ఆయన్ను పంచుకుంటున్నాయి. నాకు ఒళ్ళు మండింది. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. కొట్లో రోజువారీ లెక్కలు రాసుకునే గుమాస్తాను. నాకున్న చదువు నేను కూడదీసుకున్నదే. అయినా ఇది రాయకుండా ఉండలేకపోయాను.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో ఆయన బడిలో రిటైరై, మామిడికాయల రోజుల్లో మా కొట్టుకు రావడం మొదలుపెట్టారు. భోజనాల వేళ దాటాక ఆడవాళ్ళు గంపల్లో గడ్డి పరిచి రసం కాయలు సర్దుతుంటే, బోర్లించిన గంప మీద కూర్చుని పేపరు చదివేవారు. వింటుంటే చేతులు ఆగవు కదా అని షావుకారు గారు ఒప్పుకున్నారు. షావుకారు గారు తెప్పించేది సర్కారును పొగిడే పేపరు. సర్కారును తిట్టే పేపరు పంతులు గారు సొంతంగా తెప్పించుకునేవారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఒక వార్త మొదటి పేపర్లో చదివి, “ఇది వీళ్ళ మాట” అనేవారు. అదే వార్త రెండోదాంట్లో చదివి, “ఇది వాళ్ళ మాట” అనేవారు. తరవాత కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, “చూసినవాళ్ళ మాట ఏంటి?” అని అందరి వంకా చూసేవారు. ఢిల్లీ సంగతులైతే ఎవరూ పలికేవారు కాదు. ఒకసారి ఆగిరిపల్లిలో జరిగిన మీటింగుకు వేలమంది వచ్చారని ఒక పేపరు, మైదానం బోసిపోయిందని రెండో పేపరు రాశాయి. అక్కణ్ణుంచి కాయ తెచ్చిన బండివాడు పకపకా నవ్వాడు.

“వేలా? మా ఎడ్లని కలుపుకున్నా అంతమంది లేరండీ. బోసిపోలేదు కూడా. నేను వెళ్ళేసరికి పకోడీలు అయిపోయాయి.”

“అదీ, అసలు వార్త” అన్నారు పంతులు గారు.

చదవని పేపరును గంపలో వేయనిచ్చేవారు కాదు. చదవడం అయ్యాక తనే మడత విప్పి ఇచ్చేవారు. “ఇక కాయ కింద వేసుకోండి. దీనివల్ల జరిగే మేలు ఇప్పుడు మొదలవుతుంది” అని నవ్వేవారు. ఆ నవ్వులో ఎంత కోపం ఉండేదో అప్పట్లో మాకు తెలియలేదు.

ఎలక్షన్లు జరిగిన ఏడు, వేసవిలో, గంపకూలి పెంచమని పనివాళ్ళు పని ఆపేశారు. పని ఆగి ఉండగానే ఒక మధ్యాహ్నం దొడ్లో గడ్డివామి అంటుకుని షెడ్డు సగం కాలిపోయింది. నేను కాయ చూడ్డానికి విస్సన్నపేట వెళ్ళాను. మావాళ్ళలో అప్పుడక్కడ ఉన్నది పంతులు గారొక్కరే. కాయ కోసం ఆగిన లారీ క్లీనరు అన్నం వండుకుంటుంటే గాలికి నిప్పురవ్వలు లేచి గడ్డి మీద పడడం ఆయన కళ్ళారా చూశారు. క్లీనరు భయపడి లారీతో సహా మాయమయ్యాడు.

పేపర్లకు ఇది చాలలేదు. పనివాళ్ళే నిప్పు పెట్టారని ఒకటి రాసింది. కూలీలను ఇరికించడానికి షావుకారే తగలబెట్టించాడని రెండోది రాసింది. రాసినవాళ్ళలో ఒక్కరు కూడా వచ్చి ఆ బూడిద మొహం చూడలేదు. మొదటి పేపరు ఊరంతా తిరిగేసరికి పోలీసులు వెంకాయమ్మ మొగుణ్ణి తీసుకుపోయారు. వెంకాయమ్మ మా కొట్లో కాయలు సర్దే మనిషి. కూలి సంగతి అందరి తరఫునా అడిగింది ఆమె మొగుడే.

పంతులు గారు స్టేషనుకు వెళ్ళి చూసింది చెప్పారు. లారీ దొరికి, క్లీనరు ఒప్పుకున్నాక వెంకాయమ్మ మొగుణ్ణి వదిలిపెట్టారు. ఆయన అక్కడితో ఊరుకోలేదు. రెండు పేపర్లకూ జరిగింది రాసి పంపారు. ఎవరికీ పనికిరాని నిజం కనుక ఎవరూ వేయలేదు.

షావుకారు గారు చాలా మర్యాదగా, “రేపటి నుంచి మీరు శ్రమపడక్కర్లేదండీ పంతులు గారూ” అన్నారు. పనివాళ్ళ మేస్త్రి ఆ మర్యాద కూడా చూపలేదు. నడివీధిలో ఆపి, మన పేపరు మనకోసం ఒక మాట ఎక్కువ రాస్తే మీ సొమ్మేం పోయిందని నిలదీశాడు.

“మీ మనిషిని స్టేషన్లో కూర్చోబెట్టింది అబద్ధమే కదరా” అన్నారు పంతులు గారు. “మళ్ళీ దాన్నే నెత్తినెక్కించుకుంటానంటావేంటి?”

ఆ తరవాత ఈ ఊరు ఆయనకు రెండు నాలుకల పంతులని పేరు పెట్టింది. కాఫీ హోటల్లో ఆయన వస్తే బల్ల ఖాళీ అయ్యేది. ఇవాళ సంతాపసభకు పూలదండలు పురమాయిస్తున్నది ఆ బల్ల దగ్గర నుంచి లేచిపోయినవాళ్ళే. వాళ్ళను క్షమించడం నా వల్ల కాదు.

ఆయన మాత్రం చదవడం మానలేదు. మా కొట్టుకు ఎదురుగా మూతపడిన బండిచక్రాల కొట్టు అరుగు మీద కూర్చుని, వీధి అవతలికి వినపడేలా చదివేవారు. మొదట్లో బండ్ల ఎద్దులు తప్ప వినేవాళ్ళు లేరు. కొన్నాళ్ళకు వెంకాయమ్మ తన కాయల కుప్పను గుమ్మం దగ్గరకు జరుపుకుంది. దొడ్లో గాలి ఆడడం లేదంది. ఆ వారంలోనే మిగతా ఆడవాళ్ళకూ గాలి ఆడకుండా పోయింది. గొంతు పూర్తిగా పోయేదాకా, నిరుటి కాయల రోజుల దాకా, ఆయన ఆ అరుగు మీదే చదివారు.

ఇప్పుడు కొట్టు షావుకారు గారి అబ్బాయిది. పంతులు గారు పోయిన వార్త ఎలా వేశారో చదవమని నిన్న వెంకాయమ్మ అడిగింది. రెండు పేపర్లూ చదివాను. చదువుతున్నంతసేపూ గడ్డి చప్పుడు వినపడుతూనే ఉంది. చదవడం ఆపగానే అదీ ఆగిపోయింది. ఆయన చదివిన ఇన్నేళ్ళలో ఆ చేతులు ఆగడం నేను చూడలేదు.

“అవి వీళ్ళ మాటా, వాళ్ళ మాటా” అంది వెంకాయమ్మ. “చూసినోళ్ళ మాట ఏంటండీ, గుమాస్తా గారూ?”

ఆమె చేతిలో ఒక చిన్న రసం కాయ ఉంది. దాన్ని గంపలో పెట్టలేదు, కుప్పలో వేయలేదు. అలాగే పట్టుకుని నా వైపు చూస్తూ కూర్చుంది.