మూడో పట్టిక దాకా చదివినామె

తొంభైల చివర్ల ముచ్చట. మదీనాగూడల కిరాయి ఇల్లు, యూనివర్సిటీల ఎకనామిక్స్ లెక్చరర్ కొలువు. లెక్చరర్ మీది మెట్టు రీడర్, ఆ ప్రమోషన్‌కు ఇంటర్వ్యూ నెల రోజులల్ల ఉంది. అచ్చయిన పరిశోధనా వ్యాసం చూపియ్యకుంటే అది రాదు. నాకున్నది ఒక్కటంటే ఒక్కటి. అండ్ల, మా ఆర్థికవేత్తలు వ్యాసాలు ఒంటరిగా రాస్తే ఎక్కువ పని తెములుతదా, ఇంకొకరితో కలిసి రాస్తేనా అని లెక్కలు కట్టి, ఒంటరిగా రాసేటోళ్లదే పైచేయి అని తేల్చిన. నేను గూడ ఒంటరిగా రాసేదాన్నే మరి, ఎంత మురిసిపోయిన్నో!

అది అచ్చయి ఏడాది దాటినా చదివిన్నన్న మనిషి లేడు. మా ఆయన వ్యాసం పేరు మటుకు చూసి "మస్తుంది" అన్నడు.

ఒకనాడు మాదాపూర్ ఇంటర్నెట్ సెంటర్ల మెయిల్ తెరిస్తే, విశాఖపట్నం నుంచి ఒక లెక్చరరమ్మ ఉత్తరం. "మీ వ్యాసం మూడుసార్లు చదివానండీ. ఒంటరిగా రాసినవాళ్లకి ఒకటి, కలిసి రాసినవాళ్లకి సున్నా అని గుర్తులు పెట్టుకున్నారు. మూడో పట్టిక దగ్గరికొచ్చేసరికి ఆ గుర్తుల్ని తిరగేసి చదివేశారు. ఏమీ అనుకోకండి."

చూసుకున్న. ఓయమ్మో, నిజమే! నా వ్యాసమంతా తలకిందులు. ఏడ్వాలె గదా? నాకేమో నవ్వాగుతలేదు. మూడుసార్లు చదివిందట! మూడో పట్టిక దాకా వచ్చిందట!

"తప్పు దొరికితే గిట్ల ఎగురుతున్నవేంది?" అన్నడు మా ఆయన. "ఇంటర్వ్యూ అయ్యేదాక జర గమ్మునుండు. ఆమెకు తప్ప ఎవరికి తెల్వదు."

రెండు రోజులు గమ్మునున్న. అన్నం సయించలే. అంత శ్రద్ధగా చదివిన మనిషికి మొహం చాటేస్తనా? మూడోనాడు రాసిన, సవరణ ఇద్దరం కలిసి రాద్దామా అని. గంటలనే జవాబు, "ఎప్పుడు మొదలెడదామండీ!" అని. ఇగ చూడుర్రి, మెయిల్ మీద మెయిల్! రెండు వారాలల్ల సవరణ తయారు. మొదటిది అచ్చేసిన పత్రికాయన ఇది గూడ వేస్తనని రాసిండు.

ఇంటర్వ్యూల పెద్దసారు అడిగిండు, "ఎన్ని వ్యాసాలమ్మా?"

"రెండు సార్."

"రెండోది దేని గురించి?"

"మొదటిది తప్పని సార్. కలిసి రాసేటోళ్లకే ఎక్కువ పని తెములుతది."

గదంతా ఘొల్లుమన్నది. నేను గూడ ఆపుకోలేకపోయిన.

ఆ ఏడు ప్రమోషన్ రాలే. ఆ సంగతే విశాఖకు రాస్తే, "అయ్యో, పోనీండి, మూడోది మొదలెడదాం" అని రాసింది. ఆ మెయిల్ కిందనే మొదటి పేరా గూడ రాసి పంపింది.