శాలువా కప్పారు, మైకివ్వలేదు: అబిడ్స్‌లో ఒక చర్చాసభ

శరణార్థుల వల్ల మన ఖజానాకు ఎంత ఖర్చు? దీని మీద అబిడ్స్‌లో చర్చ ఉందనీ, బాలాపూర్ గుడిసెల నుంచి రషీదా అనే రోహింగ్యా మహిళ వచ్చి మాట్లాడుతుందనీ మిత్రులు పిలిచారు. పిలవకపోయినా వెళ్లేవాణ్ణి. టీవీల ముందు కూర్చుని లెక్కలు కట్టేవాళ్లను చూసి చూసి ఒళ్లు మండిపోయి ఉన్నాను.

ఖైరతాబాద్‌లో నాలుగున్నరకు మెట్రో ఎక్కితే పది నిమిషాల్లో నాంపల్లి. స్టేషన్ బయట ఆటో అతను అబిడ్స్‌కు ఎనభై అన్నాడు.

"గీ పక్కనే ఉన్నదానికి ఎనభయ్యా?"

"ట్రాఫిక్ చూసిన్రా సార్? మీరు నడిచి పోతరు, నేనే గీడ ఇరుక్కపోత."

నిజమే చెప్పాడు. నడిస్తే పావుగంట.

సభ ఐదింటికి మొదలైంది. రషీదాకు శాలువా కప్పి వేదిక మధ్యలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత "రెండు ముక్కల్లో ముగిస్తాను" అంటూ శరణార్థుల పక్షాన లేచిన మావాళ్లు తలా అరగంట మాట్లాడారు. అటువైపు నుంచి ఉస్మాన్‌గంజ్ పప్పుల వ్యాపారి మల్లేశం సేటు లేచి, "మన నీళ్లు, మన కరెంటు, మన పైసలు. మనకే సాల్తలేవు, వీళ్లకు ఏడికెల్లి తెస్తం?" అని గర్జించాడు. సగం హాలు చప్పట్లు కొట్టింది. ఎనిమిదింటికి వాచ్‌మన్ లైట్లు ఆర్పడం మొదలుపెట్టాడు. రషీదా వంతు రానే లేదు.

మెట్ల దగ్గర నేను నిర్వాహకులతో పోట్లాడుతుంటే, ఆమె మమ్మల్ని దాటుకుని నేరుగా సేటు స్కూటర్ దగ్గరికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. ఏళ్ల తరబడి ఇక్కడ చెత్త ఏరి బతుకుతున్న మనిషి, తెలుగు బాగానే వచ్చు.

"సేట్, మా బస్తీకి ట్యాంకర్ రెండు దినాల సంది వస్తలేదు. గా బండ్లు మీ బామ్మర్దియే అంటున్రు. పిల్లలకు తాగనీకె నీళ్లు లేవు. గదే చెప్పనీకె వచ్చిన."

సేటు బిత్తరపోయాడు. "మా బామ్మర్ది మీకు ఊకెనే పోస్తుండా?"

"ఊకెనే ఎవరు పోస్తరు సేట్? పైసలు ముందుగాలనే తీస్కుంటడు. ఎండకాలం డబుల్."

సేటు నా వైపు చూడకుండా ఫోన్ తీశాడు. "అరే, బాలాపూర్ బండి ఎందుకు ఆపినవ్‌రా? ... టీవీల వీళ్ల మీద లొల్లి చూసి డ్రైవర్ భయపడ్డడా? నీళ్లు పోస్తే ఏం లొల్లి? పొద్దుగాల ఆరింటికి పంపు. గిరాకీ గిరాకీయే."

ఫోన్ పెట్టేసి నాతో అన్నాడు: "నవ్వకు సార్. నేను స్టేజీ మీద చెప్పింది చెప్పిందే."

"మీ బామ్మర్దికి కూడా చెప్పండి సేట్, వాళ్లను మనమే మోస్తున్నామని."

స్కూటర్‌కు కిక్కు కొట్టి వెళ్లిపోయాడు.

మూడు గంటలు ఆమె మీద మనకయ్యే ఖర్చు గురించే మాట్లాడాం. ఆమె కడుతున్న డబ్బు సంగతి అటువాళ్లకు తెలియదు, ఇటువాళ్లం అడగలేదు. పిల్లలకు నీళ్లు వస్తున్నందుకు సంతోషమే. కానీ వస్తున్నది ఒక బామ్మర్ది బేరం పుణ్యాన. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్ల కోసం ఈ దేశంలో ఒక చట్టమంటూ లేదు. ఎవరి మనసో కుదిరితే నీళ్లు, లేకపోతే దాహం. దీన్ని మన ఔదార్యం అని మాత్రం నా దగ్గర అనకండి.

ఇలాంటి సభలు పెట్టేవాళ్లకు ఒక సూచన. చీకటి పడ్డాక అబిడ్స్‌లో బాలాపూర్ అంటే ఆటోవాళ్లు తల అడ్డంగా ఊపుతారు. రషీదా కోసం ఎంతోమందిని బతిమాలితే ఒకతను నాలుగు వందలకు ఒప్పుకున్నాడు. అతిథిని పిలిచేటప్పుడే తిరుగు బండి మాట్లాడి పెట్టండి. పొద్దున్నే ట్యాంకర్ వచ్చేసరికి ఆమె బిందెతో అక్కడ ఉండాలి.