తొలికాన్పు పుట్టింట్లో: పేట నుంచి గుంటూరు కలెక్టరాఫీసు దాకా

మా ఆవిడ పద్మకి భారత పౌరసత్వం కోసం చిలకలూరిపేట నుంచి గుంటూరు కలెక్టరాఫీసుకి వెళ్లొచ్చాం. పరాయి దేశపు అమ్మాయిని పెళ్లాడి ఇక్కడే కాపురం పెట్టినవాళ్లు మన వైపు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను. పద్మ మలేషియాలో పుట్టిన తెలుగమ్మాయి. ముత్తాతల కాలంలో రబ్బరు తోటల పనికి వెళ్లిన కుటుంబం. పెళ్లయి ఏడేళ్లు దాటినా ఏటా వీసా పొడిగించుకోవడం, కానిస్టేబులు వీధిలోకొచ్చి "ఆ ఫారినావిడ ఉందా?" అని వాకబు చేయడం తప్పలేదు. మొదట పెట్టిన దరఖాస్తు కాగితాలు చాలలేదని వెనక్కొచ్చింది. "ఈసారీ కాకపోతే పాపని తీసుకుని మా ఊరు వెళ్లిపోతానండీ. ఇక నావల్ల కాదు," అని పద్మ ముందే చెప్పింది. ఉత్తుత్తి బెదిరింపులు ఆవిడకి చేతకావు.

పొద్దున ఏడింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నేను, పద్మ, ఐదు నెలల పాప, మా అమ్మ. గంట ప్రయాణం, టికెట్టు ఇరవై రూపాయల లోపే. మిర్చి సీజను కావడంతో గుంటూరు దగ్గరపడేసరికి యార్డుకి వెళ్లే లారీలు బారులు తీరాయి. ఆ ఘాటుకి పాప తుమ్ములు మొదలుపెట్టింది. బస్టాండులో ఆటో ఎక్కినా ఆగలేదు. పద్మ కొంగు అడ్డం పెట్టడం చూసి డ్రైవరు నవ్వాడు. "ఊరికి కొత్తా అమ్మా? మా పిల్లలకి ఈ ఘాటు లేందే నిద్ర పట్టదు." మా అమ్మకి చురుక్కుమంది. "కొత్తేంటయ్యా! ఏడేళ్ల నుంచీ మా ఇంటి కోడలు!"

ఆఫీసులో మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. కుర్చీలో ఉన్నాయన మర్యాదస్తుడు. కాగితాలన్నీ చూసి బాగున్నాయన్నాడు. పద్మ నా వైపు చూసి నవ్వింది. చాలా కాలానికి చూశాను ఆ నవ్వు. చివరగా ఆయన, "ఈ ఏడాదిలో దేశం దాటి ఎక్కడికీ వెళ్లలేదు కదమ్మా?" అనడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది. "ఎందుకు వెళ్లలేదండీ! ఇన్నాళ్లకి కడుపు పండింది. తొలికాన్పు పుట్టింట్లో జరగొద్దూ? గాజులు తొడిగించి, పట్టుచీర పెట్టి, విమానం ఎక్కించాం. మూడో నెల పిల్లతో తిరిగొచ్చింది. కోడలికి లోటు చేసే ఇల్లు కాదండీ మాది."

ఆయన పెన్ను పక్కన పెట్టి పాస్‌పోర్టులో ముద్రలు చూశాడు. "దరఖాస్తుకి ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉండాలండీ. ఒక్కసారి కూడా దేశం దాటకూడదు."

"పురిటికే కదండీ వెళ్లింది!" అన్నాను.

"మా ఇంట్లోనైనా అదే చేసేవాళ్లం. కానీ రూల్లో పురిటికి మినహాయింపు లేదు. తిరిగొచ్చిన రోజు నుంచి ఏడాది నిండాక కొత్తగా పెట్టుకోండి."

ఆ తర్వాత పోలీసు విచారణ, ఫైలు హైదరాబాదు, ఢిల్లీ వెళ్లిరావడం. ఎన్నేళ్లు పడుతుందో ఆయనా చెప్పలేకపోయాడు.

బస్టాండు హోటల్లో భోజనాలు చెప్పాం గానీ ఎవరికీ ముద్ద దిగలేదు. "నా నోరే మన కొంప ముంచింది," అని అమ్మ ఏడ్చింది. "మీరు చెప్పకపోయినా ముద్రలున్నాయిగా అత్తయ్యా," అంది పద్మ. కోపం ఉంటే బాగుండేది, ఆ గొంతులో అదీ లేదు. పేట వచ్చేదాకా అమ్మ పాపని ఒళ్లోంచి దించలేదు.

తిట్టుకుందామంటే మనిషి దొరకడం లేదు. ఆయన రూలు చెప్పాడు, అమ్మ ముచ్చట తీర్చింది, పద్మ పెద్దల మాట విని పుట్టింటికి వెళ్లింది. అందరూ సవ్యంగానే నడుచుకున్నా మా కాపురం చెదిరిపోతోంది. నాకు ఏ దారీ తోచడం లేదు. మీకు చెప్పగలిగింది ఒక్కటే: దరఖాస్తుకి ముందు ఏడాది పొడుగునా కోడలిని దేశం దాటనివ్వకండి. పురుడొస్తే ఆ పుట్టింటివాళ్లనే ఇక్కడికి రప్పించుకోండి, ఊరు ఏమన్నా సరే. నిన్న విమానం టికెట్టు కోసం వెళ్తే ట్రావెల్స్ అతను, "రానూపోనూ కలిపి తీసుకుంటే చవకమ్మా," అన్నాడు. పోను ఒక్కటే చాలంది పద్మ.