అమ్మ కత్తిరించిన సైలెన్సరు

మా ముందుగదిలో బల్ల మీద, రోడ్డు రోలరు కింద నలిగి అప్పడంలా అయిపోయిన సైలెన్సరు ఒకటి ఉంది. ఇంటికి తెచ్చి నెల దాటినా దాని కాలిన ఆయిలు వాసన పోలేదు. ఈ తుక్కు ఎందుకని అడగనివాళ్ళు లేరు. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు మా నాన్న షెడ్డు గుర్తొస్తుంది, వెంటనే ఒళ్ళు మండుతుంది.

సత్తెనపల్లి మార్కెట్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు మాది. ముందు సగంలో నాన్న పత్తిచేలకు మందు కొట్టే ఇంజను పంపులూ, పాత మోటారు సైకిళ్ళూ బాగుచేసేవాడు, వెనక సగంలో అమ్మ మిషను తొక్కుతూ జాకెట్లు కుట్టేది. ఎండ ముదిరేసరికి ఊరి చుట్టూ కళ్ళాలన్నీ మిరపకాయలతో ఎర్రబడేవి. ఆ ఘాటూ, టూ స్ట్రోక్ బండ్ల నీలిపొగా, కొత్తగుడ్డ గంజి వాసనా, మధ్యాహ్నం అమ్మ నూరే గోంగూర పచ్చడిలో వేయించిన ఎండుమిర్చి కమ్మదనమూ కలిసి మా చెల్లెళ్ళ జడల్లో, నా పుస్తకాల్లో కూడా ఉండేవి.

మా చర్చి అయ్యగారి బండి అప్పటికే ముసలిది. వెనక అమ్మగారిని, ఆవిడ ఒళ్ళో హార్మోనియం పెట్టెను పెట్టుకుని పల్లెలు తిరిగేవారు. నల్లరేగడి డొంకల్లో అది మొరాయించేది. నాన్న ఇంజను విప్పి లోపలి దారులను ఆకురాయితో రాసి బలం తెప్పించాడు గానీ, ఆ బలం బండి పరుగెత్తినప్పుడే వచ్చేది; డొంకలో మెల్లగా పోతే మళ్ళీ మామూలే. సైలెన్సరే మార్చాలి, అది బజార్లో దొరికేది కాదు, మనమే చేసుకోవాలన్నాడు.

"పొగ బయటికి పోతే చాలదమ్మా. పోయిన విసురు వెనక్కొచ్చి, తప్పించుకున్న పెట్రోలును లోపలికి నెట్టి మరీ తలుపెయ్యాలి" అని నాకు చెప్పాడు. అందుకని గొట్టం సన్నగా మొదలై, నడుమ పొట్ట పెంచి, మళ్ళీ సన్నబడాలి. పొడుగు పెంచితే మెల్లగా పోయేటప్పుడు లాగుతుంది, తగ్గిస్తే వేగంలో లాగుతుంది. ఇవన్నీ ఆయన మందు పంపులతో కుస్తీపట్టి నేర్చుకున్నవే. చదును రేకును ఏ ఆకారంలో కత్తిరిస్తే చుట్టినప్పుడు ఆ పొట్ట వస్తుందో మాత్రం అంతుపట్టలేదు. రేకులు పాడుచేసి విసుక్కుంటుంటే అమ్మ మిషను ఆపి లేచొచ్చింది. జాకెట్టు చెయ్యి కూడా పైన వెడల్పు, కింద సన్నమే కదా అంటూ పాత క్యాలెండరు కాగితం మీద సుద్దతో గీసి, కత్తిరించి, చుట్టి చూపించింది. రెండంచులూ సూది దూరనంతగా కలిశాయి. తర్వాత ఏ బండి వచ్చినా నాన్న కొలత చెప్పేవాడు, అమ్మ కాగితం కత్తిరించేది. ఊరు మాత్రం అన్నిటినీ నాన్న సైలెన్సర్లే అంది. అమ్మ పేరు ఒక్కడంటే ఒక్కడు ఎత్తలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

ఇంజనుకు తగిలించే మెడ గొట్టం వంచాలంటే లోపల ఎండు ఇసుక కూరి, చివర్లకు కర్ర బిరడాలు కొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చాలి. లేకపోతే వంపు నొక్కుకుపోతుంది. ఇసుక తడిగా ఉంటే పేలుతుందని అమ్మ దాన్ని బాగా ఎండబెట్టింది. ఎక్కడ? పక్కవాళ్ళు అప్పుడే మిరపకాయలు ఎత్తేసిన కళ్ళంలో! గొట్టం ఎర్రబడి, బిరడా కాలి సందిచ్చేసరికి వీధి వీధంతా కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూ పరుగెత్తింది. అంతటితో పోలేదు. మట్టల ఆదివారం పొద్దున, చర్చి ముందు తాటిమట్టలు పట్టుకుని నిలబడ్డవాళ్ళ మీద బండి, గొట్టంలో మిగిలిన మిరప ఘాటుతో సహా తన మొదటి పొగ వదిలింది. పాట ఎత్తుకోవాల్సినవాళ్ళు తుమ్ములు ఎత్తుకున్నారు. అయ్యగారు తుమ్ముతూనే నవ్వి, అమ్మగారిని ఎక్కించుకుని డొంకదారి పట్టారు. ఆ రోజు బండి ఎక్కడా ఆగలేదు. చివర చిల్లుల గొట్టం చుట్టూ గాజుపీచు నింపారేమో, దాని చప్పుడు అమ్మ మిషను చప్పుడంతే.

ఒకసారి మిర్చి కమీషను వ్యాపారి కొడుకొకడు, పది వీధులకు వినపడే సైలెన్సరు కావాలని వచ్చి కూర్చున్నాడు. నాన్న మొహమాటపడుతుంటే అమ్మ లోపలినుంచే, "శబ్దమే కావాలంటే టపాకాయలు కొనుక్కోమనండి" అంది.

అయ్యగారు బదిలీ మీద వెళ్తూ ఆ బండి నాన్నకే ఇచ్చారు. నాన్న పోయాక తమ్ముడు నడిపాడు. అమ్మా నాన్నా కలిసి చేసిన సైలెన్సర్లలో మిగిలింది దానిది ఒక్కటే. పోయిన నెల రోడ్డు మీద, మోత మోగించే సైలెన్సర్ల తనిఖీలో పోలీసులు వాణ్ణి ఆపారు. ఒక్కసారి స్టార్ట్ చేసి వినండి సార్ అని వాడు బతిమాలాడు. ఆ పెద్దమనిషి వంగి చూశాడే గాని వినలేదు.

"కంపెనీ ముద్ర ఏది?" అన్నాడు.

ముద్ర లేదు. విప్పించి, చెవులు చిల్లులు పడేలా అరిచే గొట్టాల వరసలో దీన్నీ పడుకోబెట్టి రోలరు తొక్కించారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. శబ్దం మీద తనిఖీకి వచ్చినవాడికి చెవులతో పని లేకపోవడం ఏం న్యాయం? దొంగనీ దొరనీ ఒకే గాటన కట్టడానికి అంత పెద్ద యంత్రం కావాలా?

తమ్ముడు అడిగి ఇంటికి తెచ్చుకున్న ఆ రేకును అమ్మకు చూపించకూడదనుకున్నాం. చూడనే చూసింది. చత్వారపు కళ్ళజోడు పెట్టుకుని, నలిగిన రేకు మీద వేలితో అతుకు వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది.

"అంచు విడలేదే" అంది.

నిజమే, రోలరు ఎక్కినా అతుకు ఊడలేదు. మర్నాడు పాత క్యాలెండరు అడిగి తీసుకుని, గీసి, కత్తిరించి, అదే కాగితం మళ్ళీ తయారుచేసింది. దాన్ని పట్టుకుని తమ్ముడు అటు దర్శి దాకా తిరిగాడు. రేకు చుట్టి అతికేవాళ్ళు లేరు. ఇసుక కూరి వంచడమంటే ఏమిటని అడిగారు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు కొత్త బండ్ల షోరూము ఉంది.

సాయంత్రమైతే మా వీధిలో కుర్రాళ్ళు బండ్లను టపాకాయల్లా పేల్చుకుంటూ పోతారు, మంచం మీద అమ్మ ఉలిక్కిపడుతుంది. వాటిని ఎవరూ ఆపరు. సైలెన్సరు లోపలి గొట్టాలన్నీ కోసి పారేశారు గాని, పైన కంపెనీ ముద్ర చెక్కుచెదరలేదు.