యాడికిలో తెలుగు మాయమైన రోజు

2003లో నేను తాడిపత్రిలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. చుట్టుపక్కల ఏ మండలంలో మిషన్ మొరాయించినా బస్సెక్కి వెళ్లేవాణ్ణి. ఫోన్లో చెప్తే సరిపోయే పనైతే ఫోన్లోనే చెప్పేవాణ్ణి. ఆ రెండో అలవాటే ఒకసారి నా కొంప ముంచింది.

తాడిపత్రి పక్క మండలం యాడికిలో శివయ్య అనే ఆయనకు డీటీపీ సెంటర్ ఉండేది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు కంప్యూటర్‌లో తెలుగులో కొట్టి ప్రింటు తీసిచ్చేవాడు. ఒక ఉదయం ఫోన్ చేసి, "డిస్కు నిండిపోయిందని మిషన్ ఒకటే గోల పెడతాండాది. ఏం చేయల్లప్పా?" అన్నాడు.

నా చేతిలో వేరే పనుంది. "పనికిరాని ఫైళ్లు తీసేయన్నా. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేయ్" అనేశాను. రీసైకిల్ బిన్ అంటే తీసేసిన ఫైళ్లు వెళ్లి పడే చెత్తబుట్ట. అది ఖాళీ చేశాక వాటిని వెనక్కి తేవడం కష్టం.

రెండు గంటల తర్వాత మళ్లీ ఫోన్. "తెలుగంతా పోయిందప్పా! జప్పున రా!"

నేను వెళ్లేసరికి శివయ్య చెమటలు తుడుచుకుంటున్నాడు. పక్క కుర్చీలో ఓబుళరెడ్డి కూర్చుని ఉన్నాడు. తిరునాళలో ఎద్దుల బండలాగుడు పోటీలు పెట్టే కమిటీ పెద్ద ఆయన. పోటీ కరపత్రాలు సాయంత్రం బస్సులకు ఊళ్లకు పోవాలి. తెర మీద చూస్తే కరపత్రమంతా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, చుక్కలు, ప్రశ్న గుర్తులు.

"ఏమప్పా, నా పేరుండాల్సిన చోట ప్రశ్న గుర్తేంది? నా మీద ఎవురికి అనుమానం?" అన్నాడు ఓబుళరెడ్డి నన్ను చూడగానే.

"ఏమేం తీసేసినావన్నా?" అని శివయ్యను అడిగాను.

"ఒగ ఫోల్డర్లో శానా ఫైళ్లుండె. ఒక్కోటే తెరిచి చూసినా. అన్నీ తెలుగక్షరాలే గానీ ఒక్క ముక్కకూ అర్థం లేదు. ఎవురో ఊరికే కొట్టి పెట్టినారనుకుని తీసేసినా."

ఆ ఫోల్డర్‌ పేరు ఫాంట్స్. ఫాంట్ అంటే అక్షరాల రూపాలు దాచి ఉండే ఫైలు. తెరిస్తే నమూనాగా ఒక ఇంగ్లీషు వాక్యం చూపిస్తుంది. అప్పటి తెలుగు ఫాంట్లలో ఆ వాక్యమే అర్థంలేని తెలుగై కనబడేది. ఫాంట్ పోతే మనం కొట్టిన తెలుగు కాస్తా అర్థంలేని ఇంగ్లీషై కూర్చునేది.

"మరి ఉంచిందేంది?"

"దేవుని పటాలుంచినా. అవి తీసేస్తే పాపం గదా!"

డిస్కులో సగం ఆ పటాలే.

నేను ధీమాగా నా సీడీలోని తెలుగు ఫాంట్లు ఎక్కించాను. తెలుగు వచ్చింది. కానీ అవి వేరే రకం ఫాంట్లు కావడంతో వత్తులన్నీ తారుమారయ్యాయి. ఓబుళరెడ్డి కాస్తా ఓబుళరెడ్కి అయ్యాడు.

"ఈ రెడ్కి ఎవుడప్పా? మా వంశంలో యాడా లేడే!"

అప్పుడు గుర్తొచ్చింది నాకు, పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాం ముందు నడపాల్సిందని. నడిపి చూశాను. కావలసిన ఫాంట్ ముక్కలైపోయి ఉంది. దాని చోట్లోనే నా కొత్త ఫైళ్లు వచ్చి పడ్డాయి. శివయ్య సగం చెరిపితే మిగతా సగం నేనే చెరిపాను. ఆ మాట ఇద్దరికీ చెప్పేశాను. శివయ్య ముఖంలో కాస్త కళ వచ్చింది.

ఇక మొత్తం మళ్లీ కొట్టడమే దారి. ఓబుళరెడ్డి అంగీ జేబులోంచి తాను రాసుకున్న కాగితం తీశాడు. ఆ రాత ఆయనకు తప్ప ఎవరికీ అర్థం కాదు. అందుకని ఆయన చదువుతుంటే మేమిద్దరం వంతులేసుకుని కొట్టాం. చందాలిచ్చినవాళ్లవే నలభై పేర్లు. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తిన్నాం.

ప్రింటు తీశాక శివయ్య తల గోక్కున్నాడు. "రెడ్డీ, మొన్న కొట్టినప్పుడు నీ పేరు ఏడోది గదా? ఇప్పుడు మొదట్లోకెట్ల వచ్చింది?"

"మొన్నటిది మిషన్లో పోయిందంటిరి గదప్పా. పోయినదాని మాట ఇప్పుడెందుకు?" అంటూ కట్టలు చంకలో పెట్టుకుని బస్టాండు దారి పట్టాడు.

మరుసటి రోజు, మొన్నటిదాంట్లో మొదటి పేరున్నాయన శివయ్య మీదికి గొడవకొచ్చాడట. వైరస్ అని చెప్పి తప్పించుకున్నానని శివయ్య నాకు ఫోన్ చేశాడు.

ఆ తర్వాత ఏ కస్టమరుకూ ఫోన్లో "పనికిరానివి తీసేయ్" అని చెప్పలేదు. మనకు తెలియని ఫైలు వేరు, పనికిరాని ఫైలు వేరు. అప్పట్నుంచి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కోదాన్నీ చూపించి, "ఇది పెట్టింది నువ్వేనా?" అని అడిగేవాణ్ణి. తనది కాదంటే దాన్ని ముట్టేవాణ్ణి కాదు. తనదేనంటే సీడీలోకి నకలు తీశాకే చెరిపేవాణ్ణి. దేవుని పటాలైనా సరే.